క్లారెన్స్ గారి బ్రామ్లీ చెట్టు

క్లారెన్స్ ట్రస్‌వెల్ పోయిన వారానికి మా చర్చి పత్రిక నడిపే ఆవిడ వచ్చి, పక్కింట్లో ఇరవై ఆరేళ్ళు కాపురమున్నదాన్ని కాబట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మంది. నాలుగెక్కడినుంచి తేను? ఒకటి దొరికింది. నలభై ఏళ్ళు రైల్వే సిగ్నల్ గదిలో మీటలు లాగి, ఒక్క బండిని కూడా ఇంకో బండికి గుద్దించలేదు. ఆ మాట కాగితం మీద పెట్టి ఇచ్చేశాను. ఆవిడ రెండోవైపు తిప్పి చూసింది, ఇంకేమైనా ఉందేమోనని. ఉంది గానీ అది చర్చి పత్రికలో వేసేది కాదు.

మా రెండిళ్ళూ ఊరి చివర, రైలు గేటు పక్కన ఉంటాయి. వాటి తర్వాత బీట్‌దుంప పొలాలే. రెండు పెరళ్ళకీ మధ్య నడుమెత్తు కంచె మొక్కలు. అటు క్లారెన్స్, అతని భార్య ఈనిడ్. ఇటు నేనొక్కదాన్నే. పెళ్ళి చేసుకోలేదు. బడి వంటశాలలో ఇరవై రెండేళ్ళు పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండాను. వండే పని చేసినవాళ్ళకి తినేవాళ్ళ బుద్ధులు తెలుస్తాయి. క్లారెన్స్ ఎలాంటివాడో మొదటిసారి మా ఇంట్లో యాపిల్ ముక్కలు పిండిలో పెట్టి కాల్చిన పై తిన్నప్పుడే నాకు అర్థమైంది. రెండు ముక్కలు తిని, పళ్ళెం తుడిచినట్టు చేసి, "లోపల యాపిల్ మాది కాదు కదా, తెలుస్తోంది" అన్నాడు.

అతని పెరట్లో బ్రామ్లీ చెట్టుంది. అది వంట యాపిల్. పచ్చిగా కొరికితే పళ్ళు పులిసిపోయి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టి గుప్పెడు చక్కెర చల్లితే మాత్రం, గరిటె పెట్టేలోపే నురగలా విచ్చుకుని మెత్తని గుజ్జవుతుంది. మా నాటింగ్‌హమ్‌షైర్ జిల్లా వాళ్ళకి అది మా కాయ. ఇక్కడికి దగ్గర్లో సౌత్‌వెల్ అనే ఊళ్ళో ఒక చిన్నపిల్ల గింజ నాటితే మొలిచిన రకం. తర్వాత ఆ ఇల్లు కొనుక్కున్న కసాయి, కాయకి తన పేరు పెట్టమన్నాడట. పెట్టారు. సొమ్మొకడిది, సోకొకడిది. క్లారెన్స్‌కి ఈ కథ చాలా ఇష్టం. ఎవరొచ్చినా చెప్పేవాడు. అందులో ఆ పిల్ల పేరు మాత్రం ఎప్పుడూ గుర్తుండేది కాదు.

అతని చెట్టు సంగతీ అంతే. ఈనిడ్ వాళ్ళ నాన్న పండ్లతోటలో పనిచేసేవాడు. కూతురి పెళ్ళికి తనే అంటు కట్టి, తనే తెచ్చి, తనే గొయ్యి తవ్వి నాటి వెళ్ళాడు. క్లారెన్స్ ఆ రోజు పక్కన నిలబడి గొయ్యి చాలదేమో అన్నాడట. అప్పటినుంచీ అది "నా చెట్టు".

సెప్టెంబరులో మా ఊరి హాల్లో తోటల ప్రదర్శన జరుగుతుంది. తెల్ల కాగితపు పళ్ళేల్లో ఉల్లిపాయలు, ఉర్లగడ్డలు, డాలియాలు, యాపిల్స్. వంట యాపిల్ విభాగంలో పళ్ళేనికి అయిదు కాయలు. అయిదూ ఒకే సైజు ఉండాలి, తొడిమ ఊడకూడదు, కాయమీద పొడిలా ఉండే సహజమైన మెరుపు చెరగకూడదు. గెలిచినవాడికి వెండి కప్పు ఏడాదిపాటు ఇస్తారు, దానిమీద పేరు చెక్కిస్తారు. వరుసగా మూడేళ్ళు గెలిస్తే కప్పు ఇక వాళ్ళ ఇంట్లోనే ఉండిపోతుంది. క్లారెన్స్ వరుసగా రెండేళ్ళు గెలిచాడు. మూడో ఏడాది గెలవడమే అతని జీవితాశయం. కొందరు పేరు కోసం దేశాలు జయిస్తారు, ఇతను అయిదు పుల్లకాయల మీద పడ్డాడు.

పడ్డాడంటే మామూలుగా కాదు. జూలై నుంచీ నిచ్చెన చెట్టుకే ఉండేది. కాయకి నీడ పడే ఆకుల్ని ఒక్కొక్కటీ పక్కకి తిప్పి దారంతో కట్టేవాడు. సిగ్నల్ గదిలో వాడిన ఇత్తడి స్కేలు తెచ్చి కాయల నడుము కొలిచేవాడు. ప్రదర్శన కమిటీలో కూడా దూరాడు. ఇతరుల పళ్ళేల మీద కూడా ఆ స్కేలే పెట్టి, తపాలాఫీసు మిసెస్ ఫూటిట్ కాయల్లో ఒకదానికి తొడిమ సగం విరిగిందని తీసి పక్కన పెట్టించాడు. ఆవిడ ఆ తర్వాత అతనికి స్టాంపులు ఇచ్చేటప్పుడు చింపి ఇచ్చేది.

అయిదు కాయలు అతనివి. మిగిలినవి ఈనిడ్‌వి.

ఆ చెట్టు ఎంత కాస్తుందో చూసినవాళ్ళకే తెలుసు. మంచి ఏడాదైతే పది బస్తాలు. సెప్టెంబరు చివరినుంచి క్రిస్మస్ దాటేదాకా ఈనిడ్ వంటగదిలో బల్ల ముందు నిలబడి తొక్క తీస్తూనే ఉండేది. గుజ్జు చేసి సీసాల్లో పెట్టేది. చక్రాలుగా కోసి తాడుకి గుచ్చి ఎండబెట్టేది. పంది మాంసంలోకి సాస్, ఉల్లిపాయ వేసి చట్నీ, ఆదివారానికి పై, సోమవారానికి పైన పిండి పొడి చల్లి కాల్చిన క్రంబుల్. మచ్చలేని కాయల్ని ఒక్కొక్కటీ న్యూస్‌పేపర్లో చుట్టి అటక మీద పళ్ళేల్లో పేర్చేది. వారానికోసారి ఎక్కి, విప్పి, కుళ్ళింది ఉంటే తీసి, మళ్ళీ చుట్టేది. యాపిల్ రసం తగిలి ఆవిడ వేళ్ళు నవంబరుకల్లా గోధుమరంగుకి తిరిగి, ఏప్రిల్ దాకా తెల్లబడేవి కావు. కీళ్ళ నొప్పులొచ్చాక కత్తి పట్టుకోవడానికి పిడికి గుడ్డ చుట్టుకుంది.

మా ఊళ్ళో పెరట్లో కాయలు ఎక్కువైతే గేటు దగ్గర పెట్టెలో పోసి, "కావలసినవాళ్ళు తీసుకోండి" అని చీటీ పెడతారు. అందరూ చేసే పనే. ఈనిడ్ కూడా ఒకసారి పెట్టింది. క్లారెన్స్ పెట్టె లోపలికి మోసుకొచ్చేశాడు. ఆ పెట్టెలోంచి మిసెస్ ఫూటిట్ మంచికాయ ఒకటి ఏరుకుని తన పేరు మీద ప్రదర్శనకి పెడితేనో? చెట్టు ఇచ్చింది ఇంట్లోనే చెల్లాలి, గింజ కూడా బయటికి పోకూడదు అన్నాడు. చెల్లించింది ఎవరు? అతను ప్రతిరోజూ రాత్రి భోజనం తర్వాత ఓ గిన్నెడు తిని, పోయినేడంత పులుపు లేదని తీర్పు చెప్పి, పేపరు తీసేవాడు.

ఈనిడ్‌ని చూస్తే నాకు జాలి వేసేది, ఒళ్ళు మండేది కూడా. ఎముకల్లేని మనిషి అనుకునేదాన్ని. మొగుడు నిచ్చెన పట్టుకోమంటే గంటసేపు పట్టుకుని నిలబడేది. నేనైతే ఆ నిచ్చెన లాగేసి ఇంట్లోకి పోయేదాన్ని. ఆ మాట ఓసారి ఆవిడతోనే అన్నాను. నవ్వి, "కిందపడితే మంచంలో ఉంటాడు హెస్టర్, మళ్ళీ చాకిరీ నాకే కదా" అంది. ఆ నవ్వుని నేను చేతగానితనం అనుకున్నాను.

ఇక నా చెట్టు. కంచెకి నాలుగడుగుల ఇవతల జేమ్స్ గ్రీవ్ యాపిల్ ఒకటుండేది. అది పచ్చిగా తినే రకం. ఆగస్టు చివర పండేది, పసుపు మీద ఎర్రచారలు, కొరికితే గడ్డం మీదికి రసం కారేది. కొనుక్కునే యాపిల్‌లో ఆ రసం ఉండదు. బడి పిల్లలు గేటు దగ్గర ఆగి చెయ్యి చాపితే తలొకటి ఇచ్చేదాన్ని. దాని కొమ్మలు సగం కంచె దాటి క్లారెన్స్ వైపు వాలి ఉండేవి. అతనికి తినే యాపిల్ అంటే చులకన. చంటిపిల్లల తిండి అనేవాడు. నా చెట్టు ఆకులు తన పచ్చిక మీద రాలుతున్నాయనీ, నా కాయల వాసనకి కందిరీగలు వస్తున్నాయనీ, సాయంత్రం దాని నీడ తన కాయల మీద పడుతోందనీ ఏడాదికి మూడు విడతలు చెప్పేవాడు. నేను ఏడాదికి మూడు విడతలు విననట్టు ఊరుకునేదాన్ని.

అతను రెండో కప్పు గెలిచిన ఏడాది నవంబరులో, సముద్రపు ఒడ్డున స్కెగ్‌నెస్‌లో ఉన్న మా అక్క దగ్గరికి వారం రోజులు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా వాకిట్లో కట్టెల కట్టలు. పద్నాలుగు. అన్నీ ఒకే పొడుగు, ప్రతి కట్టకీ రెండుచోట్ల పురికొస ముడి. పైన చీటీ: "మిస్ పాలింగ్ గారి ఆస్తి. క్షేమంగా అప్పగించడమైనది. సి. ట్రస్‌వెల్." పెరట్లోకి వెళ్ళి చూస్తే నా చెట్టుకి కంచె దాటిన ప్రతి కొమ్మా, గీత గీసినట్టు, సరిహద్దు మీద తెగి ఉంది.

కంచె దగ్గరికెళ్ళి పిలిచాను. వచ్చాడు, చేతిలో రంపం తుడిచే గుడ్డతో.

"ఎవర్నడిగి కోశారు?" అన్నాను.

"అడగక్కర్లేదండీ. మా గాల్లోకి వచ్చిన కొమ్మ మేం కొయ్యొచ్చు. కోసింది మీకు అప్పజెప్పాలి. అప్పజెప్పాను. పేపర్లో లాయరుగారి శీర్షికలో వేశారు, కావాలంటే చూపిస్తా."

నిజమే. మా దేశంలో చట్టం అంతే. దొంగతనం చేసినవాడిని తిట్టవచ్చు, చట్టప్రకారం నీ చెట్టు నరికి, నరికిన పుల్లలు లెక్కపెట్టి నీకే ఇచ్చిన పెద్దమనిషిని ఏమనాలి? నాకు తెలిసిన మాటలన్నీ బడి వంటశాలలో పాత్రలు తోమే వాళ్ళ దగ్గర నేర్చుకున్నవి. వాటిలో రెండు వాడాను. అతను టోపీ సర్దుకుని, ఈ వారమంతా వాన పడేలా ఉందన్నాడు.

ఒకవైపే బరువు మిగిలిన చెట్టు జనవరి గాలికి ఆగలేదు. తెల్లవారి లేచి చూస్తే వేళ్ళతో సహా నా కూరమడుల మీద పడుకుని ఉంది. క్లారెన్స్ కంచె మీదుగా తొంగిచూసి, "ముందునుంచీ బలహీనమైన చెట్టండీ అది" అన్నాడు. ఆ మాటకి నేను ఆ మనిషితో మాట్లాడటం మానేశాను. కనిపిస్తే తల తిప్పుకున్నాను. మనసులో ఒక్కటే అనుకున్నాను, వీడు నా ముందు నిలబడి తప్పయిందని అనేదాకా చచ్చినా పలకకూడదని.

దేవుడు అప్పుడప్పుడు పనిచేస్తాడు. మార్చిలో మా తోటల సంఘం వాళ్ళు వ్యవసాయ కాలేజీనుంచి ఒకాయన్ని పిలిపించి యాపిల్ చెట్ల గురించి ఉపన్యాసం పెట్టించారు. క్లారెన్స్ ముందు వరసలో కూర్చున్నాడు, పక్కన ఈనిడ్ అల్లిక పట్టుకుని. నేను వెనక, మిసెస్ ఫూటిట్ పక్కన. ఉపన్యాసం అయ్యాక అతను లేచి, తన బ్రామ్లీ కాయలు ఇంకా పెద్దవి కావాలంటే ఏ ఎరువు వెయ్యాలని అడిగాడు. అడిగింది ఎరువు గురించి కాదులెండి, రెండు కప్పులు గెలిచానని చెప్పడానికి. ఉపన్యాసకుడు మర్యాదస్తుడు. అభినందించి, "మీ చెట్టు పక్కన ఏ చెట్లున్నాయి?" అన్నాడు.

"ఏమీ లేవండి. పక్కింటి పిచ్చి చెట్టొకటుండేది, అదీ పోయింది. ఇప్పుడు శుభ్రంగా ఉంది" అన్నాడు క్లారెన్స్, ఛాతీ ముందుకు పెట్టి.

ఆయన కళ్ళజోడు తీశాడు. "మరి మీ చెట్టుకి పుప్పొడి ఎక్కణ్ణించి వస్తుందండీ?"

నా పక్కన మిసెస్ ఫూటిట్ ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆయన నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. బ్రామ్లీ తనంత తాను కాయదు. దాని పుప్పొడి దానికీ పనికిరాదు, ఇంకో చెట్టుకీ పనికిరాదు. పక్కనే వేరే రకం చెట్టు అదే రోజుల్లో పూయాలి, తేనెటీగ అక్కడినుంచి ఇక్కడికి రావాలి. అప్పుడే పిందె పడుతుంది. జేమ్స్ గ్రీవ్ లాంటిది ఒక్కటుంటే చాలు.

కూర్చున్న కొమ్మని నరుక్కున్నవాణ్ణి గురించి వినడమే గానీ కళ్ళారా చూడటం నాకు అదే మొదలు. ఇన్నేళ్ళూ అతని కప్పులు నా చెట్టు పెట్టిన భిక్ష. ముప్పై ఏళ్ళు ఒక చెట్టు చుట్టూ స్కేలు పట్టుకుని తిరిగి, అది ఎలా కాస్తుందో ఒక్కసారి ఎవర్నీ అడగలేదు. అడిగితే తనకి తెలియదని తెలిసిపోతుందిగా. హాలంతా నవ్వింది. అతని మెడ వెనకభాగం బీట్‌దుంప రంగుకి తిరిగింది. ఈనిడ్ తల ఎత్తకుండా అల్లుకుంటోంది. ఇంటికెళ్ళి అతను చేసే గోల అంతా ఈమే పడాలి కదా అని ఆ ఒక్క క్షణం నా సంతోషం తగ్గింది. తర్వాత మళ్ళీ పెరిగింది. ఆ రాత్రి ఇంటికొచ్చి షెర్రీ రెండు గ్లాసులు తాగాను.

ఉపన్యాసకుడు వెళ్ళేముందు ఒక ఉపాయం చెప్పాడు. వేరే యాపిల్ చెట్టు కొమ్మలు పువ్వులతో సహా కోసి, బకెట్టు నీళ్ళలో పెట్టి, బ్రామ్లీ కొమ్మకి వేలాడదీస్తే తేనెటీగలు మిగతా పని చూసుకుంటాయట. క్లారెన్స్ మే నెల మొదట్లో ఖాళీ బకెట్టు పట్టుకుని ఊళ్ళో తిరిగాడు. అందరూ ఎంతో మర్యాదగా మాట్లాడారు. ఒకరి చెట్టు ఇంకా పూయలేదు, ఒకరిది పూసి రాలిపోయింది, మిసెస్ ఫూటిట్ చెట్టుకి తొడిమ విరిగింది. స్కేలు పెట్టి అందరి కాయలూ కొలిచినవాడికి పువ్వెవరిస్తారు?

ఊళ్ళో మిగిలింది నేను. చెరువు అవతల నాకు కూరగాయలు వేసుకోవడానికి అద్దెకి తీసుకున్న మడిచెక్క ఉంది. దాని మూల జెల్లీ కోసం పెంచుకున్న చిన్న అడవి యాపిల్ చెట్టు ఉంది. ఆ ఏడు అది ఆకు కనపడకుండా పూసింది. క్లారెన్స్‌కి తెలుసు. కానీ వచ్చి అడిగితే నోట్లోంచి ముత్యాలు రాలిపోవూ? ఈనిడ్‌ని పంపాడు.

"ఆయన అడగమన్నారు" అంది ఈనిడ్ గుమ్మంలో నిలబడి.

"ఆయనకి నోరు లేదా? కొమ్మలు కోసినప్పుడు చేతులు ఆయనవే కదా. వచ్చి తప్పయిందని ఒక్క మాట అనమను, బకెట్టు కాదు, బండెడు ఇస్తా" అన్నాను.

"అలాగే చెప్తా" అంది. తిరిగి వెళ్ళేటప్పుడు నడక తేలిగ్గా ఉంది. పని తప్పించుకున్న చిన్నపిల్లలా. నాకప్పుడు అర్థం కాలేదు.

బ్రామ్లీ పువ్వు పది రోజులుంటుంది. గులాబిరంగు మొగ్గలు విచ్చుకుని, ఆ పెరడంతా తెల్లగా నిండిపోయింది. అంత అందమైన చెట్టు కింద అంత అధ్వాన్నమైన మొహం నేనెప్పుడూ చూడలేదు. రోజూ సాయంత్రం కంచె దగ్గరికొచ్చి నిలబడేవాడు. గొంతు సవరించుకునేవాడు. మూడో రోజు, గాలి తిరిగిందండీ అన్నాడు. అయిదో రోజు, మంచు పడకపోతే బాగుండునన్నాడు. నేను పాలకూరలో కలుపు తీసుకుంటూ ఉన్నాను. ఏడో రోజు చాలాసేపు నిలబడి, చివరికి నా తలుపు గొళ్ళానికి తుప్పు పట్టింది, నూనె వేయించుకోండి అని చెప్పి వెళ్ళిపోయాడు. తప్పయిందనే మాట అంత పెద్దదా? అతని గొంతులో అది పట్టలేదు. మేకపోతు గాంభీర్యంతో ఏడు రోజులూ తగలేశాడు.

ఎనిమిదో రోజు నాకే మనసు పీకింది. అతని కోసం కాదు, ఈనిడ్ కోసం. కాయ కాయకపోతే, కప్పు రాకపోతే, ఆ సాధింపు మొత్తం ఏడాది పొడుగునా ఆవిడ నెత్తినే కదా. పొద్దున్నే వెళ్ళి అడవి యాపిల్ కొమ్మలు ఓ పది కోసి, బకెట్టు నీళ్ళలో పెట్టి, వంటింటి బల్ల మీద ఉంచాను. క్లారెన్స్ బజారుకి వెళ్ళడం చూసి ఈనిడ్‌ని పిలిచాను. నేనిచ్చానని చెప్పకు, ఎక్కడో దొరికాయని చెప్పి కట్టేసుకో అన్నాను. నా ఔదార్యం చూసి నాకే ముచ్చటేసింది.

ఈనిడ్ బకెట్టు వంక చూసి కుర్చీలో కూర్చుంది. టీ పోశాను. ముట్టుకోలేదు.

"వద్దు హెస్టర్. మా చెట్టుకి కట్టకు" అంది.

"ఎందుకే? వాడి మీద కోపం ఉంటే నాకుండాలి గానీ."

ఆవిడ చేతులు రెండూ బల్ల మీద పెట్టింది. మే నెలయినా వేళ్ళ మధ్య ఇంకా గోధుమరంగు పోలేదు. బొటనవేలు కీలు గోళీలా ఉబ్బి ఉంది.

"ముప్పై రెండేళ్ళు తొక్క తీశాను. ఈ ఏడు తియ్యాలని లేదు. అంతే" అంది.

"అది వాడికి చెప్పు మరి."

"చెప్పాను. మొదటి పదేళ్ళూ చెప్పాను. నువ్వింకా ఈ ఇంటికి రాలేదప్పుడు." చేతుల వంక చూసుకుంటూ, "నేను తోటమాలి కూతుర్ని హెస్టర్. బ్రామ్లీ ఎలా కాస్తుందో నాకు నాలుగేళ్ళప్పుడే తెలుసు. ఆ పేపర్లో లాయరు ముక్క ఆయనకి చదివి వినిపించింది నేనే. మూడు ఆదివారాలు చదివాను. మూడోసారికి అది తన ఆలోచనే అనుకున్నారు. నువ్వు ఊరెళ్ళే తారీఖు చెప్పింది కూడా నేనే. నిచ్చెన పట్టుకున్నాను" అంది.

నా చెట్టు కళ్ళముందు కనిపించింది, కాయలతో.

"చెట్టు పడిపోతుందనుకోలేదు. కొమ్మలు తగ్గితే కాపు తగ్గుతుంది, ఎంత తగ్గితే అంత అనుకున్నా. నీ చెట్టు నాకూ ఇష్టమే. కానీ అబద్ధం చెప్పను, పడ్డాక ఏడుపు రాలేదు. తప్పు చేశాను నీకు. క్షమించమని అడగడానికి ఇన్ని నెలలూ ధైర్యం చాలలేదు."

లేచి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది. నేను ఆ రోజంతా ఏ పనీ చెయ్యలేదు. ఎముకల్లేని మనిషట. ముప్పై రెండేళ్ళు వాడి పక్కన కూర్చుని అల్లుకుంటూ, వాడి చేతికే రంపం ఇచ్చి, నేను సముద్రం చూడటానికి పోయిన సమయం చూసి, నా చెట్టుతో తన పని చేయించుకుంది. ఇంతకాలం క్లారెన్స్‌ని చూసి నవ్వాను, నాకూ వాడికీ ఉన్న తేడా ఏమిటి? ఈనిడ్ గురించి ఇద్దరికీ ఒకే అభిప్రాయం. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ బకెట్టు నేనే తీసుకెళ్ళి ఆ చెట్టుకి కట్టేసి, సెప్టెంబరులో పది బస్తాలు ఆవిడ బల్ల మీద పడుతుంటే కంచె దగ్గర కుర్చీ వేసుకుని చూడాలనిపించింది. నిజంగా అనిపించింది.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే క్లారెన్స్. ఆదివారం వేసుకునే కోటు వేసుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. వర్షం గురించి ఏమీ అనలేదు.

"మిస్ పాలింగ్, తప్పు నాదండీ" అన్నాడు. "చట్టం నావైపుంటే ఉండొచ్చు. పక్కింటివాడు చేసే పని కాదు అది. చెట్టు పడ్డరోజు నేనన్న మాట ఇంకా తప్పు. ఇన్నాళ్ళూ చెప్పాలని రోజూ వచ్చాను, నోరు రాలేదు. మీరు పువ్వులివ్వకపోయినా సరే, ఇది మాత్రం చెప్పి వెళ్దామని వచ్చాను."

అరవై ఏడేళ్ళ మనిషి. నాలుగు నెలలుగా నేను కోరుకున్న మాట అదే. నేను ఊహించుకున్నదానికంటే బాగా చెప్పాడు. ఇంకొకడెవడైనా అయితే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేదాన్ని.

చెప్పడం అయ్యాక అతని చూపు నా భుజం మీదుగా వంటింట్లోకి పోయింది. బల్ల మీద బకెట్టు, దాన్నిండా పువ్వు. అతని మొహం విచ్చుకుంది. నేను ఎంత ఆలోచించాను, ఎంతసేపు ఆలోచించాను అంటే చెప్పలేను. పక్కింటి కిటికీలో ఈనిడ్ కనిపించిందని చెబితే కథ బాగుంటుంది. కనిపించలేదు. వాళ్ళ తలుపు వేసే ఉంది.

"అవి ఇవ్వడానికి కాదు" అన్నాను. "ఇంట్లో అందానికి పెట్టుకున్నా."

అతను బకెట్టు వంక ఇంకోసారి చూశాడు, నా వంక చూశాడు. అలాంటి చూపు నేనే ఎంతోమంది మీద వాడాను గానీ, ఎవరూ నా మీద వాడలేదు అంతకుముందు. నాకెంత తక్కువ విలువ కట్టాడో అందులో కనపడింది. టోపీ పెట్టుకుని, "సరేనండీ. థాంక్యూ" అని మెట్లు దిగాడు.

వాళ్ళ బ్రామ్లీకి ఆ ఏడు పిందె పడలేదు. ఆ సెప్టెంబరులో మిసెస్ ఫూటిట్ కప్పు పట్టుకెళ్ళింది. క్లారెన్స్ ఆ తర్వాత ఏ ప్రదర్శనకీ పళ్ళెం పెట్టలేదు. అతను నా గుమ్మంలో తలవంచి నిలబడ్డ సంగతీ, నేను బల్ల నిండా పువ్వులు పెట్టుకుని ఒక్క కొమ్మ ఇవ్వని సంగతీ ఊరంతా తెలిసింది. ఇంత రాతిగుండె మనిషని ఇన్నాళ్ళూ తెలియలేదని నా వెనకాల అనుకున్నారు. నేను కాదనలేదు.

ఈనిడ్ కంచె దగ్గర కనిపిస్తే పలకరిస్తాను. ఆవిడ చేతులు తెల్లబడ్డాయి. నాకు మాత్రం ఆగస్టు చివర ఒక్క జేమ్స్ గ్రీవ్ తినాలనిపిస్తుంది, బజార్లో ఎక్కడా దొరకదు.